ఎర్ర రిబ్బను వరసలు

పదకొండో భాగం

పోయిన వారం మన మేస్త్రమ్మను ఒక నారింజ చెట్టు కింద మోకాళ్ళ మీద వదిలేసి వచ్చాం. తల చెట్టు లోపల, కాళ్ళు బయట. ఆమె అక్కడికి ఎందుకు వెళ్ళిందో గుర్తులేనివాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్పుకుని కథలోకి వెళ్దాం.

మూడేళ్ళ కిందట తోటవాళ్ళు ఇరవై నాలుగు వరసల్ని పరీక్షకు పెట్టారు. పన్నెండు వరసలకు తెల్ల రిబ్బను కట్టారు, పన్నెండింటికి ఎర్ర రిబ్బను. తెల్ల వరసల్లో కొమ్మలు కత్తిరించేది చేతి రంపాలతో, అంటే మేస్త్రమ్మ జట్టు. ఎర్ర వరసల్లో కత్తిరించేది మిషను. ట్రాక్టరుకు ఒక పొడుగాటి ఇనప చెయ్యి, ఆ చేతికి ఆరు రంపపు చక్రాలు. అది వరస పక్కనుంచి ఒక్కసారి నడిచి వెళ్తే చాలు, చెట్ల పక్కలన్నీ గోడ చెక్కినట్టు చదునైపోతాయి. జట్టులో అందరూ దాన్ని గుండు మిషను అంటారు. ఎర్ర రిబ్బను చెట్టు మీద జట్టులో ఎవరి చెయ్యీ పడకూడదని, పడితే ఆ మనిషిని పనిలోంచి తీసేస్తామని తోటవాళ్ళు కాగితం రాశారు. ఆ కాగితం కింద జట్టు తరఫున సంతకం పెట్టింది మేస్త్రమ్మే.

మొన్న సోమవారం మేనేజరు ఫలితం చదివి వినిపించాడు. ఎర్ర వరసలు గెలిచాయి. వచ్చే కత్తిరింపు నుంచి తోట మొత్తానికీ మిషనే. నలభై ఒక్క మంది జట్టుకు ఈ శనివారంతో చివరి సెలవు. కొందరు ఏడ్చారు, కొందరు మేనేజరు ఇంటిల్లిపాదినీ తలుచుకుని తిట్టారు. మేస్త్రమ్మ ఏడవలేదు, తిట్టలేదు. ఆమెకు నమ్మకం కుదరలేదు, అంతే. మూడేళ్ళలో మొదటిసారి, గురువారం పొద్దున్నే, ఎర్ర రిబ్బను దాటి పద్నాలుగో వరసలోకి వెళ్ళి, ఆకుల గోడను రెండు చేతులా విడదీసి తల లోపలికి పెట్టింది.

మిషను కోసిన చెట్టు లోపల ఎలా ఉండాలో ఆమెకు చూడకుండానే తెలుసు. కొమ్మను నడిమధ్యకు నరికితే చెట్టు ఊరుకోదు. నరికినచోట ఒకటికి నాలుగు చిగుళ్ళు వేస్తుంది. అవన్నీ వెలుగు కోసం బయటికే పరిగెడతాయి. రెండేళ్ళు తిరిగేసరికి చెట్టు చుట్టూ ఆకులతో గోడ లేస్తుంది. చూడవచ్చిన పెద్దమనుషులు ఆ గోడ ముందు నిలబడి, ఆహా ఏం ఎదుగుదల, అంటూ ఫొటోలు దిగుతారు. గోడ వెనక మాత్రం ఎండ పొడ తగలదు. ఎండ తగలని కొమ్మ పూత మానేస్తుంది, ఎండి పుల్లవుతుంది. ఆ పుల్లలు గీరుకుని ఉన్న నాలుగు కాయలూ మచ్చలుపడి కుళ్ళుతాయి. చెట్టు నడుములోంచి నీరు కొమ్మలు లేస్తాయి. వేలెడు ముళ్ళతో, నిటారుగా, కాయ అన్నది కాయకుండా, చెట్టు తాగిన నీళ్ళన్నీ అవే తాగుతాయి. మొదటేడు ఎలాగోలా నెగ్గుకొచ్చినా మూడో ఏటికి కాపు పడిపోయి తీరాలి. ఈ మాట ఆమె మేనేజరుకు మూడేళ్ళుగా చెబుతూనే ఉంది. ఆయన మూడేళ్ళుగా తల ఊపుతూనే ఉన్నాడు.

ఇప్పుడు ఆమె చూసింది వేరు. లోపల వెలుగుంది. నేల మీద పళ్ళేలంత ఎండ ముక్కలు పడి ఉన్నాయి. ఎండుపుల్ల ఒక్కటి లేదు, నీరు కొమ్మ ఒక్కటి లేదు. లోపలి కొమ్మల మీద కూడా నున్నటి కాయలు గుత్తులుగా వేలాడుతున్నాయి. కొమ్మలు ఎక్కడ తీయాలో అక్కడే, మానుకు ఎంత దగ్గరగా తీయాలో అంత దగ్గరగా, చేతి రంపంతో తీసి ఉన్నాయి.

మేస్త్రమ్మ పక్క చెట్టులో తల పెట్టింది. అక్కడా అంతే. దాని పక్కదాంట్లోనూ అంతే. పదకొండు చెట్లు చూసేసరికి ముళ్ళు గీరుకుని మోచేతులు రక్తం చిమ్మాయి, అరికాలి మంట నెత్తికెక్కింది. మిషను గెలవలేదు. మిషను వెనక ఎవరో దొంగతనంగా చేతి పని చేశారు. ఆ పని మిషను పద్దులో పడింది.

ఎవరు చేయిస్తారు? మిషను గెలిస్తే ఎవరికి లాభం? ఆలోచించడానికి ఆమెకు రెండు అడుగుల దూరం కూడా పట్టలేదు. గుండు మిషను నడిపేది ఆమె సొంత తమ్ముడు.

*

మిషను షెడ్డులో తమ్ముడు ఇనప చెయ్యి కింద వెల్లకిలా పడుకుని కందెన పూస్తున్నాడు. తల్లి పోయాక చంకనేసుకుని పెంచిన తమ్ముడు. మిషను ఎక్కిన రోజు నుంచి అక్క అతనితో మాట మానేసింది. అక్క మానేసిందని జట్టంతా మానేసింది. మధ్యాహ్నం అందరూ డబ్బాలు విప్పుకుని ఒకచోట కూర్చుంటే అతను ట్రాక్టరు చక్రానికి ఆనుకుని ఒక్కడే తినేవాడు. మూడేళ్ళు అలాగే తిన్నాడు.

"ఎవర్ని పెట్టి చేయించావురా?"

గొంతు గుర్తుపట్టి తమ్ముడు గబుక్కున లేవబోయాడు. నుదురు ఇనప చేతికి ఠంగుమని తగిలింది. అయినా రుద్దుకుంటూ నవ్వాడు పిచ్చివాడు. మూడేళ్ళ తర్వాత అక్క నోటి నుంచి తనకోసం ఒక మాట వచ్చింది మరి.

"అక్కా! కూర్చో. ఆ డబ్బా మీద కూర్చో, ఉండు, తుడుస్తాను."

"కూర్చోడానికి రాలేదు. ఎర్ర వరసల్లో చేతి కోతలున్నాయి. ఒకటా రెండా, చెట్టుకి ఇరవై. ఎవడికి ఏం ఆశపెట్టి చేయించావ్? మా పొట్ట కొట్టి నువ్వు పర్మినెంటు అవుదామనా?"

నవ్వు అతని ముఖం మీద అలాగే కాసేపు ఉండి తర్వాత పోయింది. చేతిలో గుడ్డతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు.

"నేను చేశానంటావా?"

"నువ్వు కాకపోతే?"

"నాకు రంపం పట్టడం రాదని నలభై మందిలో నిలబెట్టి చెప్పింది నువ్వే కదక్కా. నా చేతిలోంచి రంపం లాక్కున్నావ్. 'చెట్టుని కొయ్యమంటే తోలు వలుస్తున్నావ్, పో' అన్నావ్. నేనెక్కడికి పోతాను? వీళ్ళు మిషను నేర్పుతామన్నారు, నేర్చుకున్నా. అది కూడా నీ పొట్ట కొట్టడానికే నేర్చుకున్నానా?"

లాక్కున్నమాట నిజమే. ఆ రోజు చెట్టు బెరడు మూరెడు చీలిపోయింది. ఎవరైనా లాక్కునేవారే. కాకపోతే ఎవరైనా తమ్ముణ్ణి పక్కకు పిలిచి లాక్కునేవారు.

"నీకు రాదు సరే. వచ్చినవాడితో చేయించి ఉంటావ్."

"నేను చేయించలేదు." తమ్ముడు నేల చూపులు చూశాడు. "కానీ నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"మూడేళ్ళుగా తెలుసు. మధ్యాహ్నం నేను మిషను ఆపి అన్నానికి కూర్చోగానే ఆయన వరస చివర చెప్పులు విప్పి లోపలికి దూరేవాడు. ఒక గంట. మళ్ళీ బెల్లు కొట్టేలోపు బయటికొచ్చి చెప్పులేసుకుని వెళ్ళిపోయేవాడు. నా వైపు చూసేవాడు కాదు. నేనూ చూడనట్టే ఉండేవాణ్ణి. నేను అనుకున్నానూ..." అతను చేతిలో గుడ్డ మడత పెట్టాడు. "నువ్వే పంపిస్తున్నావనుకున్నానక్కా."

"నేనా?"

"పైకి మాట్లాడకపోయినా, లోపల్లోపల తమ్ముడి మిషను పరువు పోకుండా చూస్తోంది అనుకున్నా. పోనీలే, మా అక్కకి నేనింకా ఉన్నాను అనుకున్నా. మూడేళ్ళూ ఆ చెప్పులు చూసుకునే అన్నం తిన్నాను."

మేస్త్రమ్మకు ఏడుపొచ్చింది. ఏడవడం ఇష్టంలేక కోపం తెచ్చుకుంది.

"ఎవరి చెప్పులురా?"

"నిన్ను మించిన పనిమంతులు ఈ తోటలో ఎందరున్నారు? కోత చూశావు కదా. ఎవరి కోతో నీకు తెలీదా? లేక తెలీనట్టు నటిస్తున్నావా?"

తెలీలేదు. కోపంలో ఆమె కోతల్ని లెక్కపెట్టింది గానీ చూడలేదు. ఇప్పుడు ఆ షెడ్డులో నిలబడి కళ్ళు మూసుకుంటే పద్నాలుగో వరస కొమ్మలు ఒక్కొక్కటే కనిపించాయి. పనివాళ్ళ కోతలు చేతిరాతల్లాంటివి, ఒకరిది ఒకరికి రాదు. ఈ కోతలన్నీ ఎడమనుంచి కుడికి వాలి ఉన్నాయి. బెరడు చీలకుండా ముందు కింద నుంచి మూడు లాగులు లాగి, ఆ తర్వాతే పైనుంచి తెంచినవి. ప్రతి గాయం మీదా బొటనవేలితో అద్దిన మట్టి పూత. ఆ పూత పెట్టడం జట్టు మానేసి పదేళ్ళయింది. మానని మనిషి ఒక్కడే ఉన్నాడు. కుడి భుజం పైకి లేవదు గనక ఎడమ చేత్తో కింద నుంచి కోసే మనిషీ ఒక్కడే ఉన్నాడు.

"మామయ్య," అంది మేస్త్రమ్మ.

*

మామగారు సామాన్ల గదిలో ఉన్నాడు. ముప్ఫై ఏళ్ళు జట్టుకు మేస్త్రీగా చేసి, నిచ్చెన మీదనుంచి పడి భుజం పోగొట్టుకున్నాక, రంపాలకు పదును పెట్టే పని మిగిలింది ఆయనకు. అందరూ రంపాల పెద్దాయన అంటారు. కోడలు కాపురానికొచ్చిన మూడో రోజున ఆమె చేతిలో రంపం పెట్టి, ఏ కొమ్మ ఉంచాలో, ఏ కొమ్మ తీయాలో, తీసేముందు చెట్టు చుట్టూ ఎన్నిసార్లు తిరగాలో నేర్పింది ఆయనే. కొడుకు కన్నా కోడలికే చెయ్యి బాగా కుదిరిందని గ్రహించి మేస్త్రీ పని ఆమెకు అప్పగించిందీ ఆయనే. ఈ విషయంలో ఆమె మొగుడికి చిన్న కినుక ఉంది. అది వేరే కథ, వచ్చినప్పుడు చెప్పుకుందాం.

శనివారంతో జట్టే ఉండదు. అయినా గోడకు నలభై రంపాలూ తళతళలాడుతూ వేలాడుతున్నాయి. నలభై ఒకటోది ఆయన ఒళ్ళో ఉంది. ఆకురాయి శబ్దం ఆగకుండా వస్తోంది.

"మామయ్యా. ఎర్ర వరసల్లోకి వెళ్ళారా?"

ఆకురాయి ఆగింది.

"ఏ చెట్టు?" అన్నాడాయన.

"ఏ చెట్టేంటి మామయ్యా! అన్ని చెట్లూ."

"అన్నీ కాదమ్మా. చివరి రెండు వరసలకీ వెళ్ళలేకపోయాను. దూరం. కాళ్ళు రాలేదు." తప్పు చేసి దొరికిపోయిన మనిషిలా లేదు ఆ గొంతు. ఆ రెండు వరసల చెట్లకు క్షమాపణ చెప్పుకుంటున్నట్టుంది.

మేస్త్రమ్మ గోడకు ఆనుకుంది.

"ఎందుకు చేశారు?"

"మొదటేడు మిషను తిరిగిన రోజు అటు వెళ్ళానమ్మా, ఊరికే చూద్దామని. బొటనవేలంత కొమ్మలు కొరికి వదిలేసినట్టున్నాయి. తోలు చీలి వేలాడుతోంది. ఒక చెట్టుకి పెద్ద కొమ్మ సగం విరిగి, రసం కారుతోంది. చూడలేకపోయాను. ఆ ఒక్కదానికి చేద్దామనుకున్నా. దానికి చేశాక పక్కదాన్ని ఎలా వదలను? అది కూడా చెట్టే కదా."

"పరీక్ష అని తెలీదా మీకు?"

"తెలుసు."

"ముట్టుకోకూడదని అందరికీ ఒట్టు పెట్టించాను. మీ ముందే పెట్టించాను. తెలీదా?"

"తెలుసమ్మా. నాకు తెలుసు. చెట్టుకి తెలీదుగా."

ఆ మాటకు ఎవరైనా చేతులెత్తి దణ్ణం పెట్టవచ్చు. కథలు చదివేవాళ్ళు తప్పక పెడతారు. శనివారంతో పని పోతున్న మనిషి పెట్టదు. మేస్త్రమ్మకు ఆ క్షణంలో ఆ ముసలి చేతుల మీద అసహ్యం పుట్టింది. ఆ చేతులే తనకు అన్నం పెట్టిన విద్య నేర్పాయని గుర్తొచ్చి ఇంకా పుట్టింది.

"మన జట్టులో నిచ్చెనమ్మకి ఇద్దరు ఆడపిల్లలు, బడికెళ్తున్నారు. మీ అబ్బాయికి ఈ పని తప్ప ఇంకోటి రాదు. నాకూ రాదు. నలభై ఒక్క పొయ్యిలు మామయ్యా! మనం బాగా చేసి ఓడిపోలేదు, చెడ్డగా చేసీ ఓడిపోలేదు. మన చేతిని మీ చెయ్యే ఓడించింది. మీరు చెట్లకి మంచివారు. మనుషులకి కాదు."

పెద్దాయన రంపాన్ని ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టాడు. ఎడమ చేత్తో కుడి చేతిని ఎత్తి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"ఒక్కసారి కూడా అనుకోలేదమ్మా, నేను చేసే దానికి కాయలు లెక్కలోకొస్తాయని. గాయాలు మాన్పుతున్నా అనుకున్నా, అంతే. సోమవారం ఆయన చదువుతుంటే అప్పుడు తగిలింది. అప్పట్నుంచి ముద్ద దిగట్లేదు. చెప్దామని రెండుసార్లు ఆఫీసు మెట్ల దాకా వెళ్ళాను. అబ్బాయి ముఖం గుర్తొచ్చి వెనక్కొచ్చేశాను." కోడలి వైపు తిరిగాడు. "నువ్వెళ్ళి చెప్పు. చేసింది నేనని చెప్పు. పరీక్ష చెల్లదని రాయించు. నన్ను పంపేస్తే పంపేయనీ. ముసలాణ్ణి, నాకు పని లేకపోతే ఏం?"

పని లేకపోతే ఆయన నెల్లాళ్ళు బతకడని ఇద్దరికీ తెలుసు.

"నేనూ వస్తాను పద," అంటూ లేవబోయాడు.

"మీరు కూర్చోండి," అంది మేస్త్రమ్మ. మామగారితో అంత విసురుగా ఆమె ఎన్నడూ మాట్లాడి ఎరగదు. వెళ్తూ వెళ్తూ వెనక్కి చూసింది. ఆయన మళ్ళీ రంపం అందుకోలేదు.

*

మేనేజరు గదిలో గోడకు పెద్ద అట్ట తగిలించి ఉంది. ఏ ఏటి కాపుకు ఆ ఏడు తెల్ల గీతలు, వాటి పక్కన ఎర్ర గీతలు. మొదటేడు ఎర్ర గీతలు పొట్టిగా ఉన్నాయి, రెండో ఏడు సమానమయ్యాయి, మూడో ఏడు తల ఎత్తాయి. మేనేజరు చెడ్డవాడిలా కనిపించే మనిషి కాదు. ఎవరు వచ్చినా లేచి కుర్చీ చూపిస్తాడు. అందుకే ఆయనతో దెబ్బలాడటం కష్టం.

"కూర్చోండి మేస్త్రమ్మా."

"నిలబడే చెప్తాను సార్. పరీక్ష చెల్లదు. ఎర్ర వరసల్లో చేతి పని జరిగింది. మా మామగారు చేశారు. తప్పు మాదే, ఆయన్ని ఏం చెయ్యాలో మీ ఇష్టం." ఆ చివరి మాట అనడానికి ఆమె నాలుక చాలా బరువెత్తాల్సి వచ్చింది. "కానీ గెలిచింది మిషను కాదు సార్. మీరు ఆ లెక్కతో మమ్మల్ని పంపడం న్యాయం కాదు."

మేనేజరు ఆశ్చర్యపోలేదు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"నాకు తెలుసమ్మా."

"ఏం తెలుసు?"

"మొదటేడు నుంచీ తెలుసు. ఈ కిటికీలోంచి పదిహేనో వరస చివర కనిపిస్తుంది. అక్కడ చెప్పులు చూశాను. వెళ్ళి చూశాను కూడా. ఆయన నన్ను చూళ్ళేదు. చెట్టుతో ఏదో మాట్లాడుకుంటున్నాడు."

మేస్త్రమ్మకు కాసేపు ఏమీ వినపడలేదు. పైన ఫ్యాను తిరగడం మాత్రం కనపడింది.

"మరెందుకు ఆపలేదు?"

"ఆపుదామనే అనుకున్నాను. రెండో ఏడు కాయ తూకం చూశాక ఆపబుద్ధి కాలేదు." ఆయన లేచి అట్ట దగ్గరికి వెళ్ళాడు. "మీ మాట అక్షరాలా నిజం మేస్త్రమ్మా. మిషను ఒక్కటే అయితే చెట్టు గోడ కట్టుకుంటుంది, లోపల చస్తుంది. ఆయన వెళ్ళని వరసలు రెండున్నాయి, చిట్టచివరివి. మూడో ఏడు వాటి కాపు సగానికి పడిపోయింది."

"ఆ రెండూ ఈ అట్ట మీద లేవేం?"

"అక్కడ నేల తేమ అని రాసి తీసేశాను."

ఎంత మర్యాదగా చెప్పాడని! మంచినీళ్ళు కావాలా అని అడిగినట్టు చెప్పాడు. మేస్త్రమ్మ పళ్ళు పటపట కొరికింది.

"అంటే మిషను ఓడిపోయింది. మీకు తెలిసీ మాకు అబద్ధం చదివారు."

"మిషను ఒక్కటే ఓడిపోయింది. మిషనూ, ఒక ముసలాయన గంటసేపు పనీ కలిస్తే గెలిచింది." ఆయన గొంతు పెంచలేదు. "మీ నలభై ఒక్క మందికీ కత్తిరింపు కాలం మొత్తం పట్టే పని. దాన్ని ఒక మిషనూ, ఆయన భోజనాల గంటా కలిసి చేశాయి. నా కుర్చీలో కూర్చుని చెప్పండి, మీరైతే ఏం చేస్తారు?"

ఆమె ఆ కుర్చీలో కూర్చోలేదు. కానీ కొమ్మల పని తెలిసిన మనిషి గనక, లెక్క ఆమె తలలో దానంతటదే నడిచింది. పైపైన మిషను, లోపల రంపం. బయట గోడ చెక్కడానికి మనిషి అక్కర్లేదు. లోపల వెలుగు పంపడానికి మనిషి కావాలి, కానీ నలభై ఒక్క మంది అక్కర్లేదు. ఆ లెక్క తప్పని చెప్పడానికి ఆమె దగ్గర ఒక్క మాట కూడా లేదు. అదే ఆమెకు ఎక్కువ కోపం తెప్పించింది.

"పైవాళ్ళకి మిషను ఒక్కటే చాలని రాసి పంపాను, నిజమే. ఇప్పుడు మీరొచ్చి అడిగారు గనక ఇంకో కాగితం రాస్తాను," అన్నాడు మేనేజరు. సొరుగు లాగి ఒక కాగితం తీశాడు. రాస్తానన్నాడు గానీ అది ముందే రాసి ఉంది. "మిషను వెనక లోపలి పనికి నలుగురు. తోట మొత్తానికి నలుగురు సరిపోతారు. ఏడాది పొడుగునా పని, ఇప్పటిలా కాలానికి ఒకసారి కాదు. ఎవరా నలుగురో శనివారం లోపు రాసివ్వండి."

"నేనా?"

"నన్ను రాయమంటే రాస్తాను. నాకు వాళ్ళ కోతలు తెలీవు. నిజం చెప్పాలంటే ముఖాలు కూడా సరిగ్గా తెలీవు. చీటీలు తీసినట్టు తీస్తాను. మీరైతే చెట్లకి ఎవరు మంచివాళ్ళో చూసి రాస్తారు."

చెట్లకి మంచివాళ్ళు. అరగంట కిందట ఆమె అదే మాటను తిట్టుగా వాడింది. ఇప్పుడు అది పని దొరకడానికి అర్హత అయింది.

కాగితం మీద నాలుగు గీతలున్నాయి. మూడు ఖాళీ. మొదటి గీత మీద మేనేజరు చేతిరాతతో, నల్ల సిరాతో, రంపాల పెద్దాయన అని రాసి ఉంది.

"ఇది..."

"అది మాత్రం నేను రాశాను. ఆయన లేకపోతే ఈ పద్ధతే మాకు తెలిసేది కాదు. మీరు ఆయన్ని ఏమీ అనకండి."

ముట్టుకుంటే పని పోతుందని కాగితం రాయించినవాడే, ముట్టుకున్నందుకు మొదటి పని ఇస్తున్నాడు. ఒట్టు నిలబెట్టుకున్న నలభై మందిలో ముప్ఫై ఏడుగురు ఇళ్ళకు పోతారు. మేస్త్రమ్మకు నవ్వొచ్చింది. అది ఎలాంటి నవ్వో, మేనేజరు కళ్ళజోడు వెంటనే తీసి పెట్టుకున్నాడు.

మిగిలినవి మూడు గీతలు. ఒకటి తనది అనుకుంటే రెండు. ఒకటి మొగుడిది అనుకుంటే ఒక్కటే. అలా రాస్తే ఇంటికి మూడు, జట్టుకు ఒకటి. రాయకపోతే ఇంట్లో మామగారు ఒక్కడే పనికి వెళ్తూ, కొడుకు అరుగు మీద కూర్చుని ఆయన్ని చూస్తూ ఉంటాడు. ఆమె కాగితాన్ని చింపేద్దామని రెండు చేతులతో పట్టుకుంది. మిగిలిన గీతలకు మూడు ఇళ్ళు గుర్తొచ్చాయి, ఏ మూడో తెలీదు. చింపలేదు. నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో పట్టుకుని బయటికొచ్చింది.

*

మధ్యాహ్నం బెల్లు కొట్టారు. ఆఫీసు మెట్ల కింద జట్టంతా నిలబడి ఉంది. ఒక్కరి చేతిలోనూ డబ్బా లేదు.

వాళ్ళ మధ్యలో, ఎవరూ దగ్గరికి రాని చోట, మామగారు ఉన్నాడు. కోడలు వెళ్ళగానే ఆయన ఊరుకోలేదు. జట్టు పనిచేసే వరసకు వెళ్ళి, అందరినీ పిలిచి, తను చేసిందంతా తనే చెప్పేశాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. ఉన్న నాలుగు సామాన్లూ సంచిలో సర్దుకుని చేత్తో పట్టుకున్నాడు. పంపేస్తారని ఆయన నమ్మకం. పంపేస్తే మిగతావాళ్ళు ఉంటారని ఇంకా గట్టి నమ్మకం.

అన్నిటికన్నా పొడుగు నిచ్చెన ఒక్కతే మోసుకుని తిరిగే నిచ్చెనమ్మ, మామూలుగా ఆయనను బాబాయ్ అని పిలిచే మనిషి, ఆయన వైపు వీపు పెట్టి నిలబడింది. కొడుకు, అంటే మేస్త్రమ్మ మొగుడు, తండ్రికి పది అడుగుల దూరంలో చేతులు కట్టుకుని నేల చూస్తున్నాడు. మిషను షెడ్డు గుమ్మంలో తమ్ముడు నిలబడి చూస్తున్నాడు. దగ్గరికి పిలిచేవాళ్ళు లేక అక్కడే ఆగిపోయాడు.

"ఏమన్నాడు మేస్త్రమ్మా?" నిచ్చెనమ్మ గొంతులో ఆశ బాహాటంగా ఉంది. "పరీక్ష పోయినట్టేగా? ఉంటున్నాంగా మేము?"

"చెప్పమ్మా," అన్నాడు మామగారు. సంచి భుజానికి తగిలించుకోబోయి, భుజం లేవక, మళ్ళీ కిందికి దించాడు. "నన్ను ఇవాళే పొమ్మన్నాడా, రేపా? ఏదైనా ఫరవాలేదు. వీళ్ళ సంగతి చెప్పు ముందు."

వెనక మెట్ల పైన తలుపు తెరుచుకున్న చప్పుడైంది. మేనేజరు కూడా బయటికొచ్చి నిలబడ్డాడు. ఆమె చెప్పకపోతే ఆయన చెప్తాడు. మర్యాదగా, అందరికీ వినిపించేలా, పెద్దాయన్ని మెచ్చుకుంటూ చెప్తాడు. ఆ మెప్పు విన్నాక ఈ మనుషుల మధ్య ఆ ముసలాయన గతేమిటో ఆమెకు తెలుసు.

మేస్త్రమ్మ గుప్పిట తెరిచింది. కాగితం చెమటకు తడిసి మెత్తబడింది. నాలుగు మడతలూ విప్పి, మామగారి ముఖంలోకి సూటిగా చూస్తూ, మొదటి పేరు పైకి చదివింది.